ఫీలరు అరిగిన రోజు

నా బండి సుజుకీ ఇంట్రూడర్ ఎం1800ఆర్ అనే క్రూయిజర్, అంటే కాళ్లు ముందుకు చాపి తాపీగా కూర్చుని నడిపే పొడవాటి, నేలబారు మోటార్‌సైకిలు. కొన్ని దేశాల్లో దీన్నే బులెవార్డ్ ఎం109ఆర్ అనే పేరుతో అమ్మారు. ఆ 109 ఇంజిన్ పరిమాణాన్ని ఘనపుటంగుళాల్లో చెప్పే అంకె. సీసీల్లో చెబితే 1,783. అంత పరిమాణాన్ని పంచుకునేవి రెండే సిలిండర్లు కాబట్టి ఒక్కో పిస్టన్ వ్యాసం 112 మిల్లీమీటర్లు ఉంటుంది; చేతిలో పెట్టుకుంటే అరచెయ్యి కనిపించదు. ట్యాంకు నింపి నిలబెడితే బండి బరువు 347 కిలోలు, రెండు ఇరుసుల మధ్య దూరం 1,710 మిల్లీమీటర్లు, వెనక టైరు వెడల్పు 240 మిల్లీమీటర్లు. బండి ఇంటికి వచ్చిన రోజుకే ఈ అంకెలన్నీ నాకు కంఠతా వచ్చు. వాటిలో ఏది ఎప్పుడు అడ్డం తిరుగుతుందో మాత్రం స్పోర్ట్‌బైకుల వెంట తిరగడం మొదలుపెట్టేదాకా తెలియలేదు.

మా బృందంలో నాది తప్ప మిగిలినవన్నీ స్పోర్ట్‌బైకులే: రెండు 600 సీసీవి, మూడు 1000 సీసీవి. వయసులో నేనే పెద్దవాణ్ణి కాబట్టి అందరూ నన్ను అన్నా అనే పిలుస్తారు, నా బండిని మాత్రం సోఫా అంటారు. మొదటిసారి వాళ్లతో బయలుదేరినప్పుడు నాకున్న బెంగ ఒక్కటే, తిన్నని రోడ్డు మీద వెనకబడిపోతానేమో, ప్రతి కూడలిలోనూ నా కోసం వాళ్లు ఇంజిన్లు ఆపుకుని నిలబడాల్సి వస్తుందేమో అని. ఆ బెంగ మొదటి అరగంటలోనే తీరిపోయింది. అది అంత తేలిగ్గా తీరిపోవడమే ఆ తర్వాత జరిగినదానికి మూలం.

తిన్నని రోడ్డు మీద ఇంత బరువైన బండి వాళ్లతో సమానంగా ఎలా వెళ్తుందని అడిగేవాళ్లున్నారు. నా ఇంజిన్ దాదాపు 160 న్యూటన్ మీటర్ల టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, 3,200 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే ఇచ్చేస్తుంది. ఇదే కంపెనీ 2017లో తెచ్చిన జీఎస్ఎక్స్-ఆర్1000లో అశ్వశక్తి 200 దాకా ఉన్నా, దాని గరిష్ఠ టార్క్ సుమారు 118 న్యూటన్ మీటర్లు, అదీ 10,800 ఆర్‌పీఎం దగ్గర. అందుచేత ఎనభై కిలోమీటర్ల వేగంలో అందరం పై గేరులో తాపీగా పోతున్నప్పుడు, గేరు మార్చకుండా యాక్సిలరేటర్ తిప్పినా నా బండి వెంటనే ముందుకు దూకుతుంది. నిలబడిన చోటి నుంచి బయలుదేరేటప్పుడు కూడా పొడవు నాకు కలిసివస్తుంది. వాళ్ల బండ్లు పొట్టివి, ఇరుసుల మధ్య దూరం 1,400 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉన్నవి, బరువు ఎత్తుగా కూర్చున్నవి. గట్టిగా తిప్పితే ముందు చక్రం గాలిలోకి లేస్తుంది కనుక వాళ్లు చేతిని అదుపులో పెట్టుకోవాలి, లేదా ఎలక్ట్రానిక్స్ ఆ పని చేస్తాయి. నా బండి ముందు చక్రం నేల వదలదు. తిన్నని దారిలో జరిగే డ్రాగ్ రేసుల బండ్లకు, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌ను కావాలని పొడవు చేయించుకునేది కూడా ఇందుకే.

వాళ్లు రెండు గేర్లు తగ్గించి ఇంజిన్‌ను పై ఆర్‌పీఎంలలోకి తీసుకెళ్లారంటే మాత్రం ఇక ఆ పోటీ అయిపోయినట్టే. వేగం ఇంకా పెరిగాక గాలి కూడా వాళ్ల పక్షమే. ట్యాంకు మీద పడుకుని అద్దం చాటున దాక్కునే మనిషికీ, కాళ్లు ముందుకు చాపి, చేతులు బార్లా తెరిచి, రొమ్ము గాలికి అప్పగించి కూర్చునే మనిషికీ పోలిక లేదు. గాలి అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది. వంద దాటిన తర్వాత నేను బండి నడుపుతున్నానో, హ్యాండిల్ పట్టుకుని వేలాడుతున్నానో చెప్పడం కష్టం. అయినా రోడ్డు మీద మామూలుగా వెళ్లే వేగాల్లో ఈ తేడా పెద్దగా బయటపడదు. బయటపడకపోవడమే చిక్కు.

చిన్న ఇంజిన్ ఉన్న క్రూయిజర్ అయితే మలుపు వచ్చేసరికే వెనకబడి ఉంటుంది, కాబట్టి మలుపులోకి తనకు తగిన వేగంతోనే అడుగుపెడుతుంది. దాని బలహీనతే దానికి కాపలా. నా బండికి ఆ కాపలా లేదు. స్పోర్ట్‌బైకులు ఏ వేగంతో మలుపు దగ్గరికి చేరాయో, సరిగ్గా అదే వేగంతో నా ఇంజిన్ నన్ను అక్కడికి చేరుస్తుంది. అక్కడి నుంచి ఇంజిన్‌కు పని లేదు, పని అంతా టైర్లదీ, కోణానిదీ, నేలకీ బండి పొట్టకీ మధ్య ఉన్న ఖాళీదీ. నాకు ఈ విషయం ఒక ఘాట్ రోడ్డు మీద, కుడివైపు తిరిగే ఒక పొడవాటి మలుపులో తెలిసింది.

ఆ రోజు నేను వరసలో మూడోవాణ్ణి. నా ముందు 600 సీసీ బండి ఉంది. అంతకుముందు నాలుగైదు మలుపుల్లో కుడి కాలి కింద ఫీలరు రెండు మూడు సార్లు సన్నగా గీరుకుంది. ఫీలరంటే ఫుట్‌పెగ్ (పాదం పెట్టుకునే కడ్డీ) చివర కిందికి దిగి ఉండే చిన్న లోహపు మొన. బండి ఎక్కువ వాలినప్పుడు అన్నిటికన్నా ముందు నేలను తాకి హెచ్చరించడం కోసమే దాన్ని పెడతారు. నాకేమో ఆ చప్పుడు హెచ్చరికలా వినిపించలేదు, ప్రశంసలా వినిపించింది. ఈ మలుపు మొదట్లో మామూలుగానే ఉండి, సగం దాటాక ఇంకా బిగుసుకుంది. ముందున్న కుర్రవాడు తుంటిని లోపలివైపుకు జార్చి, బండిని మరికొంచెం వాల్చి, సునాయాసంగా తిరిగిపోయాడు. నేనూ వాల్చాను. ఫీలరు తగిలింది, పెగ్ మడత పడి నా బూటును పైకి నెట్టింది, బండి మాత్రం ఇంకా తిరగాల్సినంత తిరగలేదు. బయటి అంచున తెల్ల గీత, గీత అవతల గులకరాళ్లు దగ్గరకు వస్తున్నాయి. భయపడ్డ ప్రతివాడూ చేసే పనే నేనూ చేశాను, యాక్సిలరేటర్ ఒక్కసారిగా మూసేశాను.

అప్పుడు రెండో చప్పుడు వినిపించింది. మొదటిది గీరుడు, ఇది బరువైన దేన్నో రోడ్డు మీద ఈడ్చినట్టుంది. సీటు కింద నుంచి వెన్నెముకలోకి వచ్చింది. వెనక చక్రం ఒక క్షణం తేలికై, పక్కకు ఒక బెత్తెడు జరిగి, మళ్లీ పట్టు దొరకబుచ్చుకుంది. నేను చేసిన తెలివైన పని ఏమీ లేదు. వేగం తగ్గింది, బండి కాస్త లేచింది, తెల్ల గీత మీదుగా, గులకరాళ్లకు జానెడు దూరంలో మలుపు పూర్తయింది.

పైన టీ కోసం ఆగినప్పుడు వంగి చూశాను. కుడి ఫీలరు చివర ఏటవాలుగా, పెన్సిలును గచ్చు మీద రుద్దినట్టు అరిగిపోయి వెండిలా మెరుస్తోంది. అది ముందే ఊహించాను. దాని వెనక, పొగగొట్టం మూత అడుగున చిటికెన వేలంత పొడవున కొత్త గీత ఒకటి ఉంది, దాన్ని ఊహించలేదు. నా వెనక వచ్చిన మిత్రుడు పక్కన కూర్చుని ఆ గీత మీద వేలు పెట్టి, "అన్నా, నిప్పురవ్వలు కనిపించాయి. బాగుందనుకున్నాను. తర్వాత టైరు జరగడం కూడా కనిపించింది," అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఆ రోజు మిగిలిన దారంతా వరసలో ఆఖర్న నడిపాను.

ఇంటికి వచ్చాక కాగితం మీద లెక్క వేసుకున్నాను, ముందే వేసుకుని ఉండాల్సింది. మలుపులో బండి ఎంత వాలాలన్నది బరువు మీద ఆధారపడదు. వేగం వర్గాన్ని మలుపు వ్యాసార్ధంతోనూ గురుత్వాకర్షణతోనూ భాగిస్తే వాలు కోణపు టాంజెంట్ వస్తుంది. అరవై మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును 45 డిగ్రీల వాలుతో తిరిగే బండి గంటకు 87 కిలోమీటర్ల వేగంతో పోగలదు. 32 డిగ్రీల దగ్గర ఆగిపోయే బండికి అదే మలుపులో హద్దు 69 కిలోమీటర్లు. నా లాంటి పొడవాటి, నేలబారు క్రూయిజర్లకు ముప్పై డిగ్రీలు దాటిన కాసేపటికే ఏదో ఒకటి నేలకు తగులుతుంది. మంచి టైరు, పొడి రోడ్డు ఉంటే స్పోర్ట్‌బైకుకు 45 డిగ్రీలు పెద్ద సాహసం కాదు. మోటోజీపీ రేసర్లు అరవై కూడా దాటిస్తారు. తేడా పద్దెనిమిది కిలోమీటర్లే కదా అనిపిస్తుంది, కానీ బండిని మలుపు తిప్పే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 87లో కావలసిన బలం 69లో కావలసిన దానికి ఒకటిన్నర రెట్ల కన్నా ఎక్కువ. ఆ మిగులు బలం నా బండి టైర్లలో ఉండి ఉండవచ్చు. దాన్ని వాడుకునే కోణం లేదు.

అన్ని శక్తివంతమైన క్రూయిజర్లూ ఇలాగే ఉంటాయనడం సరికాదు. 2011లో వచ్చిన డుకాటీ డయావెల్ వెనక టైరు కూడా 240 వెడల్పే, కానీ దాని వాలు కోణం 41 డిగ్రీలని తయారీదారులే చెప్పారు. పెగ్‌లు ముందుకు కాకుండా మధ్యలో, కాస్త ఎత్తుగా ఉంటే ఎంత తేడా వస్తుందో దాన్ని చూస్తే తెలుస్తుంది. అలాంటి బండి నడిపేవారికి నా బాధలో సగం ఉండదు.

వెడల్పు టైరు గురించి ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే దాన్ని చూసే చాలామంది ఈ బండిని ఇష్టపడతారు, నేనూ అంతే. బండి వాలినప్పుడు టైరు నేలను తాకే చోటు మధ్య నుంచి పక్కకు జరుగుతుంది. టైరు ఎంత వెడల్పైతే అంత దూరం జరుగుతుంది, దానితో బండిని నిటారుగా లేపాలని చూసే బలమూ పెరుగుతుంది. అందువల్ల అదే మలుపును అదే వేగంతో తిరగడానికి సన్నటి టైరు బండి కన్నా నా బండి మరికాస్త ఎక్కువ వాలాలి. అంటే ఎక్కువ వాలవలసిన బండికే తక్కువ వాలే చోటుంది. మలుపు పొడుగునా లోపలి చేతితో హ్యాండిల్‌ను ముందుకు నెట్టి పట్టుకునే ఉండాలి. వదిలితే బండి తనంతట తనే లేచి నిలబడబోతుంది.

ముందున్న కుర్రవాడిలా శరీరాన్ని లోపలికి జార్చవచ్చు కదా అని ప్రయత్నించాను. అతడూ అతడి బండీ కలిపి 280 కిలోలనుకుంటే అందులో మనిషి వాటా పావు వంతు పైనే. నేను ఎనభై కిలోలు, బండితో కలిపి 427. నా వాటా ఐదో వంతు కూడా లేదు. పైగా పాదాలు ఎక్కడో ముందుంటాయి కాబట్టి వాటి మీద బరువు మోపి తుంటిని లేపడం వీలుపడదు. నేను చేయగలిగిందల్లా నడుము పైభాగాన్ని, గడ్డాన్ని, లోపలి అద్దం వైపు తీసుకెళ్లడం. చూసేవాళ్లకు కుర్చీలోంచి ఎవరినో తొంగిచూస్తున్నట్టు ఉంటుంది. అయినా ఒకటి రెండు డిగ్రీలు మిగులుతాయి, ఒక్కోసారి ఫీలరు తగలకుండా ఉండటానికి అవే చాలు.

ఆ రోజు రెండో చప్పుడు ఎందుకు వచ్చిందో అర్థం కావడానికి మాత్రం కొంతకాలం పట్టింది. నా బండికి చైన్ ఉండదు, షాఫ్ట్ డ్రైవ్ ఉంటుంది, అంటే ఇంజిన్ శక్తిని వెనక చక్రానికి చేర్చేది తిరిగే ఒక కడ్డీ. ఇటువంటి షాఫ్ట్ బండిలో యాక్సిలరేటర్ తెరిస్తే వెనక భాగం కొద్దిగా పైకి లేస్తుంది, మూస్తే కిందికి కుంగుతుంది. ఖాళీ స్థలంలో మనిషి నడిచే వేగంలోనే తెరిచి మూసి చూడండి, సీటు ఊపిరి పీల్చి వదులుతున్నట్టు తెలుస్తుంది. మలుపు మధ్యలో, ఫీలరు అప్పటికే నేలను తాకి ఉన్నప్పుడు, నేను యాక్సిలరేటర్ మూసేసి, మిగిలి ఉన్న ఆ కాస్త ఎత్తునూ నా చేతులారా పోగొట్టుకున్నాను. మడత పడే పెగ్ తగిలితే చప్పుడు చేసి ఊరుకుంటుంది. మడత పడని పొగగొట్టం మూత, ఫ్రేము లాంటివి తగిలితే బండి బరువు వాటి మీదికి ఎక్కి, వెనక టైరు మీద భారం పోతుంది. ఆ బెత్తెడు జారుడు అదే. సన్నగా, నిలకడగా తెరిచి ఉంచిన యాక్సిలరేటర్ బండిని మోస్తుంది. ఈ ఒక్క అలవాటు నాకు మిగిలినవన్నీ కలిపినా ఇవ్వనంత ఎత్తు ఇచ్చింది.

బ్రేకుల విషయంలో నేను ఊహించినంత అన్యాయం జరగలేదు. ఒక్కసారి గట్టిగా ఆపాల్సి వస్తే పొట్టి, ఎత్తైన స్పోర్ట్‌బైకు వెనక చక్రం లేచిపోతుంది. నా బండి వెనక చక్రం నేల మీదే కూర్చుని నిజంగా పనిచేస్తుంది. వాళ్లు వెనక బ్రేకును దాదాపు మరిచిపోయి నడుపుతారు, నేను మరిచిపోతే బ్రేకులో పెద్ద వాటానే వదులుకున్నట్టు. కానీ అది ఒక్కసారి ఆపడం గురించి. ఘాట్ దిగేటప్పుడు మలుపు మలుపుకూ, వాళ్లకు ఒకటిన్నర రెట్ల బరువును, వాళ్ల కన్నా తక్కువ వేగానికి దించుకోవాలి. ఆ శక్తి అంతా డిస్కుల్లోకి వేడిగానే వెళ్తుంది. పదో మలుపుకు బ్రేకు లీవరు హ్యాండిల్‌కు దగ్గరగా వస్తుంది, ఆగినప్పుడు కాలిన వాసన వస్తుంది. ఇప్పుడు దిగుడు మొదలయ్యే ముందే ఒక గేరు తగ్గించి, ఆ రెండు పెద్ద పిస్టన్ల చేత కూడా కొంత బ్రేకు పని చేయిస్తున్నాను.

ఎడమ, వెంటనే కుడి, మళ్లీ ఎడమ అంటూ వచ్చే జంట మలుపుల గురించి ఎక్కువ చెప్పను. వాళ్లు మణికట్టు తిప్పినంత తేలిగ్గా బండిని ఇటు నుంచి అటు పడేస్తారు. నేను ఒక వైపు నుంచి లేపి, నిలబెట్టి, రెండో వైపుకు వాల్చేసరికి వాళ్లు మూడో మలుపులో ఉంటారు. వెడల్పాటి హ్యాండిల్ కొంత సాయపడుతుంది; మిగిలినదానికి భుజాలు కావాలి.

మార్చుకున్నవాటిలో ముఖ్యమైనది మలుపు ముందు వేగం. ముందున్న బండి బ్రేకు లైటును చూసి బ్రేకు వేయడం మానేశాను, ఎందుకంటే ఆ లైటు వెలిగేది ఆ బండికి కావలసిన చోట. మలుపులో రోడ్డు రెండు అంచులూ కలిసినట్టు కనిపించే బిందువు నాకు దూరం జరుగుతోందా, దగ్గరకు వస్తోందా అన్నదాన్నే చూస్తాను. దగ్గరకు వస్తోందంటే మలుపు బిగుసుకుంటోందని అర్థం, ఇంకా నిటారుగా ఉండగానే మరికొంత వేగం తగ్గించాలి. బయటి వైపు నుంచి ఆలస్యంగా లోపలికి తిరుగుతాను, అప్పుడు వాల్చవలసిన సమయం తగ్గుతుంది. వెనక సస్పెన్షన్ ప్రీలోడ్‌ను, అంటే స్ప్రింగు ముందస్తు బిగువును, కొంత బిగించాను. వెనక ఒక మనిషి ఎక్కితే ఇంకా బిగిస్తాను. గతుకు మీద బండి కుంగితే తగలకూడనిది తగలడానికి ఒక వేలెడు చాలు.

బృందంలో నా చోటు గురించి కూడా మాట్లాడుకున్నాం. ఆఖర్న ఉంటే మంచిదని మొదట అనుకున్నాను, కానీ అది రబ్బరు పట్టీ చివర ఉండటం లాంటిది: ముందు ఉన్నవాళ్లు మలుపు దాటి వేగం పెంచగానే వెనకవాడికి దూరం సాగుతుంది, దాన్ని పూడ్చుకోవడానికి తిన్నని రోడ్డు మీద అందరికన్నా వేగంగా పోవాలి, ఆ వేగంతోనే తర్వాతి మలుపుకు చేరాలి. నా ఇంజిన్ ఆ దూరాన్ని చిటికెలో పూడుస్తుంది, అసలు ప్రమాదం అదే. అందుకని ఘాట్ మొదలయ్యే ముందు అందరం ఆగుతాం. వాళ్లు వెళ్లిపోతారు, నేను రెండు నిమిషాలు ఆగి నా దారిన బయలుదేరతాను, దారి చీలే చోట మాత్రం ఒకరు నా కోసం నిలబడతారు. పైకి చేరేసరికి వాళ్లు మణికట్లు నొక్కుకుంటూ, నడుము వంచలేక నిలబడి ఉంటారు. సోఫా అని ఎగతాళి చేసే హక్కు అప్పుడు మాత్రం వాళ్లకు ఉండదు.

అరిగిన ఫీలరు తీసేసి కొత్తది వేయించి ఏడాది దాటింది. కింద చివర నల్ల రంగు ఇంకా అలాగే ఉండటం ఈ మధ్య ఒక ఆగుడులో 600 సీసీ కుర్రవాడి కంట పడింది. మలుపుల్లో మా అందరిలోకీ చెయ్యి తిరిగినవాడు అతడే. "ఒకసారి నడిపి చూస్తానన్నా," అని తాళం అడిగితే ఇచ్చాను. తిన్నగా వెళ్లి, అవతలి కూడలిలో ఉన్న గుండ్రటి దిబ్బ చుట్టూ తిరిగి వచ్చే దూరమే. ఇంజిన్ శబ్దం దూరంగా పోయి, సద్దుమణిగి, మళ్లీ మొదలైంది. ఆ రెంటికీ మధ్య నాకు బాగా తెలిసిన ఒక గీరుడు వినిపించింది. తిరిగి వచ్చి, స్టాండు వేసి, హెల్మెట్ తీయకుండానే వంగి కుడివైపు చూశాడు. కాసేపటికి తల ఎత్తి, "కొత్త ఫీలరు నేను వేయిస్తానన్నా," అన్నాడు.